సంతకానికి ముందొక ప్రశ్న
(రేపల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు నోటీసు రాగానే మన గడప తొక్కే బ్రోకరు చాలాసార్లు కొనేవారి మనిషే. వేలం భయం చూపి, తక్కువ ధరకు సంతకం చేయించుకుంటాడు. తొందరపడకండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బాకీ చెల్లించడానికి నోటీసు నాటి నుండి 60 రోజుల గడువున్నది. ఆపై ఇంటిని స్వాధీనం చేసుకుంటే, 45 రోజులలో రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. వేలం ప్రకటన వెలువడక మునుపు మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చును.

రెరా చట్టం క్రింద ఏజెంట్ల రిజిస్ట్రేషన్ కొత్త ప్రాజెక్టుల అమ్మకాలకే. పాత ఇంటి బేరానికి ఆ రక్షణ లేదు. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 215వ సెక్షన్ ఉన్నది. మనం నియమించుకున్న ఏజెంటు మన అనుమతి లేకుండా తానే కొనుగోలుదారై, ముఖ్య విషయం మోసంతో దాచినా, మనకు నష్టం కలిగించినా ఆ బేరాన్ని తిరస్కరించవచ్చును.

కనుక సంతకానికి ముందు, "మీరు ఎవరి పక్షాన వచ్చారు?" అని అడగండి. జవాబును కాగితంపై వ్రాయించుకోండి.