శిశువు తొలి ఊపిరి

పల్నాటి ఇండ్లలో నాపరాతి గచ్చుమీద నిమ్మరసము ఒలికినచో ఇల్లాలు వెంటనే తుడిచివేయును. ఆలసించినచో రాతిపై సన్నని నురుగు లేచి, పిదప మచ్చ మిగులును. నిమ్మరసములోని పులుపు సున్నపురాతిని తాకగా, అందులో అణగియున్న బొగ్గుపులుసు వాయువు బుడగలై పైకి పోవుటయే ఆ నురుగు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో రాతిని కాల్చినపుడు వెలువడునదియు ఆ వాయువే. అప్పుడే పుట్టిన పసికందు తొలి నిమిషమున వెలుపలికి విడువవలసినదియు ఆ వాయువే.

తల్లి కడుపులో శిశువు ఊపిరితిత్తులు గాలితో గాక ద్రవముతో నిండియుండును. ప్రాణవాయువును అందించుట, బొగ్గుపులుసు వాయువును తీసికొనిపోవుట అను రెండు పనులను మావి చేయుచుండును. నొప్పులు వచ్చినప్పుడెల్ల గర్భాశయము బిగియును. మావికి చేరు రక్తము కొంతసేపు తగ్గును. అందుచేత ఆరోగ్యముగా పుట్టిన బిడ్డ రక్తము సైతము కొంత పులుపెక్కియే యుండును.

వైద్యులు ఈ పులుపును పి.హెచ్. అను కొలతతో చెప్పుదురు. 7 కంటె అంకె తగ్గినకొలది ఆమ్లము, పెరిగినకొలది క్షారము. పెద్దవారి ధమనుల రక్తము 7.35 మొదలు 7.45 వరకు నిలుచును. పుట్టిన క్షణమున బొడ్డుధమనిలో అది సాధారణముగా 7.25 ప్రాంతమున నుండును. అంకె స్వల్పముగా దిగినదని తేలికగా తీసికొనరాదు. 7.4 నుండి 7.1 కి దిగినచో ఆమ్లత్వము రెట్టింపైనదని అర్థము. 7.0 కంటె దిగినచో మెదడునకు, గుండెకు, మూత్రపిండములకు హాని కలుగు ప్రమాదము హెచ్చు.

బిడ్డ కెవ్వుమని ఏడ్చినంతనే గాలి ఊపిరితిత్తులలోనికి చొచ్చును. అందలి ద్రవము లోలోపల ఇంకిపోవును. బిగిసియున్న రక్తనాళములు విచ్చుకొనును. రక్తములోని బైకార్బొనేటు అను క్షారము, ఇది నాపరాతికి చుట్టమే, పులుపును పట్టి వాయువుగా మార్చును. ఊపిరితిత్తులు ఆ వాయువును వెలికి పంపును. కొన్ని గంటలలో రక్తము సమతూకమునకు వచ్చును. ఊపిరి రానిచో ఆ వాయువు రక్తములోనే పేరుకొనును. ప్రాణవాయువు చాలక శరీరము లాక్టిక్ ఆమ్లమును తయారుచేయును. ఆమ్లము పెరిగినకొలది ఊపిరితిత్తుల నాళములు మరింత బిగియును. అవి బిగిసినకొలది ప్రాణవాయువు మరింత తగ్గును.

పులుపునకు విరుగుడు క్షారమే గదా, దానిని ఎక్కించినచో చాలదా అని శ్రోతలు అడుగవచ్చును. ఒకప్పుడు వైద్యులును అట్లే తలచి, బొడ్డుసిరలో సోడియం బైకార్బొనేటును విరివిగా ఎక్కించుచుండిరి. గచ్చుమీది నురుగును మరల తలచుకొనుడు. ఈ క్షారము ఆమ్లముతో కలిసినపుడు బొగ్గుపులుసు వాయువే పుట్టును. ఊపిరి ఆడని శిశువులో అది పోవుటకు దారి యేది? కావుననే నేడు దానిని సాధారణ చికిత్సగా వాడుట లేదు. ముందు ఊపిరి, పిమ్మటనే మందు.

అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ గారు నవజాత శిశువును పరీక్షించుటకు ఐదు గుర్తులను ఏర్పరచి, 1953లో ప్రకటించిరి. గుండె వేగము, శ్వాస, కండరముల బిగువు, తాకినపుడు కలుగు స్పందన, మేని రంగు అనునవి ఆ గుర్తులు. ఒక్కొక్కదానికి 2 చొప్పున మొత్తము 10 మార్కులు. అయితే మార్కులు వేయువరకు సాయము ఆగరాదు.

2022లో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది. 2005లో మొదలైన 108 వాహనము దూరమును కొంత తగ్గించినది. అయినను వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాలనుండి వచ్చు తల్లికి దారిలోనే కాన్పు కావచ్చును. అట్టియెడల బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తడిసిన గుడ్డను తీసివేసి, మరియొక పొడిగుడ్డలో వెచ్చగా ఉంచి, వీపును మృదువుగా రుద్దవలెను. అప్పటికిని ఊపిరి రానిచో శిక్షణ పొందినవారు తొలి నిమిషములోనే చేతితో నొక్కు గాలిసంచితో, మాస్కుతో ఊపిరి అందించవలెను. తలక్రిందులుగా పట్టి చరచుట, చన్నీళ్లు చల్లుట కీడే చేయును. చలి సోకిన శిశువు ఒంటి వేడికై ప్రాణవాయువును అధికముగా వెచ్చించును. దానితో ఆమ్లము మరల హెచ్చును.

ఏడ్చిన బిడ్డను సైతము గమనించుచుండవలెను. నిమిషమునకు 60కి మించి ఊపిరి తీయుచున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, ప్రతి ఊపిరికి మూలుగుచున్నను, నాలుక నీలివర్ణమైనను తెల్లవారనిండని ఆగరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

గర్భిణి ఉన్న ప్రతి ఇంటికిని మా మనవి ఒక్కటే. కాన్పు ఎచ్చట అని ముందుగా నిశ్చయించుకొనుడు. అచ్చటివారిని ఒక్క మాట అడుగుడు: “బిడ్డ ఏడువనిచో ఊపిరి పట్టుటకు గాలిసంచి ఉన్నదా? దానిని వాడ నేర్చినవారు ఆ వేళకు గదిలో ఉందురా?”