పని అప్పగించుట, బాధ్యత వహించుట
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీల అధికారములను గురించియు, నిధులను గురించియు ఈ శిబిరములో మీరు చాలా విషయములు వినియున్నారు. నేడు మేము అంతకంటె చిన్నదిగా కనబడు విషయము నొకదానిని మీ ముందుంచదలచితిమి. పంచాయతీ సిబ్బందికి పని నెట్లు అప్పగింపవలెను? చిన్న విషయమే. కాని ఊరి కుళాయిలో మంచినీరు వచ్చునా, రాదా యనుట దీనిపై ఆధారపడియున్నది.

మేము పర్యటనలో చూచిన ఒక గ్రామము సంగతి చెప్పెదము. ఆ గ్రామపు సర్పంచి మిక్కిలి శ్రద్ధ గలవాడు. తెల్లవారకముందే లేచి మోటారు వద్దకు పోవును. వీధి దీపము ఆరినచో తానే నిచ్చెన తెప్పించును. బ్లీచింగు పౌడరు వృథా యగునేమో యని ఆ గది తాళపుచెవిని తన మొలత్రాటికి కట్టుకొనెడివాడు. ఒక వానకాలమున బంధువుల ఇంట పెండ్లికై ఆయన నాలుగు దినములు పొరుగూరికి వెళ్లెను. తాళపుచెవియు ఆయనతోనే వెళ్లినది. పంపు ఆపరేటరు ఎప్పటివలెనే ట్యాంకు నింపెను, నీరు వదలెను. మందు మాత్రము కలుపలేదు. మురుగు కాలువలో మునిగియున్న గొట్టము అతుకు వదులై యున్నది. ఆయన తిరిగి వచ్చునప్పటికి రెండు వీధులలో పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. వైద్య సిబ్బంది వేళకు వచ్చుటచే ప్రాణములు దక్కినవి.

ఆపరేటరును అడుగగా, “తాళము నా వద్ద లేదండి. లేనప్పుడు ఏమి చేయవలెనో నాకెవ్వరు చెప్పలేదండి” అనెను. ఆ మాటలో అబద్ధము లేదు. ఆ ఊరిలో అందరికంటె ఎక్కువ పని చేయువాడు సర్పంచియే. అయినను పని ఆగినదియు ఆయన వలననే.

పని అప్పగించుట యనగా “ఇది నీవు చూచుకో” అని చెప్పి పోవుట కాదు. మొదట, ఏమి కావలెనో స్పష్టముగా చెప్పవలెను. “నీరు శుభ్రముగా ఉండవలెను” అన్నచో ఆపరేటరుకు ఏమియు తెలియదు. “ట్యాంకు నిండిన పిమ్మట క్లోరిన్ కలిపి, అరగంట ఆగి నీరు వదలవలెను. చివరి వీధి కుళాయి వద్ద పరీక్షింపగా లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి యుండవలెను. ఆ అంకెను ప్రతిదినము పుస్తకములో వ్రాయవలెను” అని చెప్పినచో, పని ఏదో, అది సరిగా ముగిసినదని ఎట్లు తెలియునో అతనికే బోధపడును.

రెండవది, పనితోబాటు సాధనములను, అధికారమును ఇయ్యవలెను. అరక అప్పగించి ఎడ్లను మన కొట్టములో కట్టివేసినచో పొలము దున్నుట ఎట్లు? ఆపరేటరు చేతికి తాళపుచెవి రావలెను. పారిశుద్ధ్య కార్మికుని చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు రావలెను. తెలియని పనిని ఒకసారి దగ్గర నుండి నేర్పింపవలెను.

మూడవది, ఆజ్ఞ ఒకచోటి నుండియే పోవలెను. సర్పంచి ఒక వీధికి పొమ్మనును, ఉపసర్పంచి వేరొక వీధికి పొమ్మనును, వార్డు సభ్యుడు తన ఇంటి ముందరి కాలువ ముందు తీయుమనును. ఒక కాడిని ముగ్గురు తోలినచో ఎడ్లు ఎటు పోవలెను? సభ్యులు తాము చూచిన లోపమును పంచాయతీ సమావేశములో చెప్పవలెను. అత్యవసరమైనచో సర్పంచికి గాని కార్యదర్శికి గాని తెలుపవలెను. సిబ్బందికి పని కార్యదర్శి ద్వారా పంచవలెను.

నాలుగవది, అప్పగించిన పనిని చూచుచుండవలెను. గంటగంటకు పోయి చేయి పెట్టుట చూచుట కాదు. వారమున కొకసారి పుస్తకము చూచి, నీటిని పరీక్షించిన చాలును. తప్పు కనబడినచో పదిమందిలో గద్దింపక, పనికి కావలసినవన్నియు అతనికి అందినవా యని మొదట మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.

“ప్రభుత్వము మాకు పనులు చెప్పును గాని, వాటికి తగిన నిధులు, అధికారములు ఇయ్యదు” అని మీలో చాలమంది మాతో అనుచుందురు. ఆ మాటలో న్యాయము కలదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము కోరినదియు అదియే: గ్రామ ప్రజల ప్రతినిధులకు బాధ్యతతోబాటు అధికారమును నిజముగా బదిలీ చేయవలెనని. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. పైవారి నుండి మనము కోరుచున్న దానినే మన ఆపరేటరు మన నుండి కోరుచున్నాడు. మనము అడుగు న్యాయమును మనము చేయకుండుట తగునా?

అప్పగింపరాని పనులును కలవు. గ్రామసభ ముందు జవాబు చెప్పుట, తీర్మానము చేయుట మీ విధులు. ఖాళీ చెక్కుపై గాని, తీర్మాన పుస్తకములోని ఖాళీ పుటపై గాని సంతకము చేసి ఇచ్చుట నమ్మకము కాదు, ప్రమాదము. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడియున్నవి. ఎన్నికైన సోదరి ఇంట నుండగా ఆమె భర్త కుర్చీలో కూర్చుండుట పని అప్పగించుట కాదు, పదవి అప్పగించుట. దానికి చట్టము ఒప్పుకొనదు, ఓటు వేసిన ఊరును ఒప్పుకొనలేదు. పనిని పంచవచ్చును గాని, బాధ్యతను పంచి చేతులు దులుపుకొనరాదు.

మీరు ఇండ్లకు వెళ్లిన పిమ్మట ఒక కాగితముపై మీ పంచాయతీ పనులన్నియు వ్రాయుడు. ప్రతి పనికి ఎదురుగా అది ఎవరిదో, అతడు లేనినాడు ఎవరు చేయుదురో వ్రాయుడు. మూడు దినములు మీరు ఊరిలో లేకున్నను ఆగని పని సరిగా అప్పగింపబడినది. ఆగిపోవు పని తాళపుచెవి ఇంకను మీ మొలత్రాటికే ఉన్నదని తెలిసికొనుడు.

మేము చెప్పిన ఆ గ్రామములో నేడు ఆ గదికి రెండు తాళపుచెవులు కలవు. ఒకటి ఆపరేటరు వద్ద, రెండవది కార్యదర్శి వద్ద నున్నవి. పౌడరు నిలువను వారమున కొకసారి తూచి వ్రాయుచున్నారు. సర్పంచి ఇప్పటికిని తెల్లవారకముందే లేచుచున్నాడు. అయితే మోటారు వద్దకు పోవుట లేదు. చివరి వీధిలోని చివరి కుళాయి వద్దకు పోవుచున్నాడు.