కళ్లు తిరిగి పడిపోతుంటే మందుందా?

ఏప్రిల్ ఎండలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, మిర్చి బస్తాల పక్కన గంటలకొద్దీ నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి సొమ్మసిల్లుతాడు. పక్కవాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు. అవి ఫిట్స్‌కూ పనికిరావు, అది వేరే సంగతి. చాలాసార్లు జరిగేది ఒక్కటే: రక్తపోటు, గుండె వేగం చప్పున పడిపోయి మెదడుకు రక్తం అందదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కాసేపట్లో తేరుకుంటాడు.

దీనితో ప్రాణభయం తక్కువే. కానీ మాటిమాటికీ వస్తే బతుకు ఇరుకైపోతుంది. బండి నడపాలన్నా, మేడారం జాతరలో వరుసలో నిలబడాలన్నా భయమే. ఆడపిల్లయితే పెళ్లిచూపుల దగ్గర గుసగుసలు.

మరి మందు? ఏళ్లుగా రాస్తూ వచ్చిన బీటా బ్లాకర్లలో ఒకటైన మెటోప్రొలాల్, 2006 నాటి పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్రను మించలేదు. 2021 నాటి పరీక్షలో బీపీ పెంచే మిడోడ్రిన్ అనే మందు కొంత నయమనిపించింది: అది వాడినవారిలో 42 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 61 శాతం మళ్లీ పడిపోయారు. బీపీ బాగా ఎక్కువున్నవారికి అది కూడదు. పెద్దవాళ్లలోనైతే ఇలా పడిపోవడానికి బీపీ మాత్రల మోతాదే కారణం కావచ్చు.

నన్నడిగితే మాత్రకన్నా ముందు నీళ్లు. కళ్లు బైర్లు కమ్మగానే కాళ్లు మెలివేసి తొడలు బిగించండి, లేదా అక్కడే కూర్చోండి.

పరుగెత్తుతుండగా పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చి పడిపోయినా ఆలస్యం చేయకండి. వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని డాక్టరు దగ్గరికో వెళ్లి ఈసీజీ తీయించుకోండి.