పనిముట్ల అదురు - మన చేతుల ఆరోగ్యం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాం. అవన్నీ అవసరమైన మాటలే. ఈసారి కమిటీ వారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునే వాళ్ళం. అందుచేత మా పాఠానికి దగ్గరగా ఉన్నదీ, మన ఇండ్లకు ఇంకా దగ్గరగా ఉన్నదీ అయిన ఒక విషయం ఎంచుకున్నాము. అది చేత పట్టుకొని పనిచేసే మిషన్ల అదురు. దానివల్ల చేతులకు కలిగే హాని.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా మన ప్రాంతం ఎట్లా మారిపోయిందో మీకందరికీ తెలుసు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు మొదలైంది. చౌరస్తాలో ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు లేచాయి. పాత ఇండ్లు పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. మన హైదరాబాదు నేల గ్రానైటు రాతినేల. పునాది తియ్యాలన్నా, సంపు తవ్వాలన్నా ముందు బండ పగలాలి. బండ మీద కంప్రెసరు డ్రిల్లు, గోడ మీద బ్రేకరు, స్లాబు పోసేటప్పుడు వైబ్రేటరు, తాండూరు రాయికీ మార్బుల్‌కూ కటింగ్ మిషను, పాలిష్ మిషను. ఇటు హయత్‌నగర్ వైపు ఆటోనగర్‌కు పోతే లారీ బాడీల దగ్గర పొద్దంతా గ్రైండరు మోత. ఈ మిషన్లు పట్టిన చేతుల్లో మన అన్నదమ్ముల చేతులు, మన విద్యార్థుల తండ్రుల చేతులు చాలా ఉన్నాయి.

మా బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తీసుకుంటాము. ఒక తండ్రి పదిహేనేండ్లుగా మార్బుల్ పని చేస్తున్నాడు. ఏడవ తరగతి దాకా చదివినవాడు, ఉర్దూ చక్కగా రాసేవాడు. పెన్ను ఇస్తే వేళ్ళలో నిలవలేదు. "సార్, వేలిముద్ర వేస్తా, పెన్ను పట్టు దొరుకుతలేదు" అన్నాడు. రాత్రి చేతులు తిమ్మిరి పట్టి నిద్ర లేస్తాడట. ఒకచోట షుగర్ అన్నారు, పరీక్ష చేస్తే లేదు. ఇంకొకచోట నరాల బలహీనత అని సూదులు వేశారు. నువ్వు ఏం పని చేస్తావని అడిగినవాళ్ళు లేరు. ఇంత జరిగినా అతడు పనికి పోతూనే ఉన్నాడు. మొద్దుబారిన చేతితో తిరిగే బ్లేడు పట్టుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. చలికి వేళ్ళు తెల్లబడే లక్షణాన్ని 1862లో మోరీస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు వాడే రాతిపనివారిలో ఇది వస్తున్నదని 1911లో ఇటలీలో లోరిగా అనే వైద్యుడు రాశాడు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బెడ్‌ఫోర్డు రాతి గనులకు ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ పోయి, రాళ్ళు చెక్కేవారి చేతులు ఒక్కొక్కటిగా చూసింది. సుమారు 60 ఏండ్ల తరువాత వేరే పరిశోధకులు అదే ఊరికి పోతే అదే జబ్బు మళ్ళీ కనిపించింది. తెలిసిన తరువాత కూడా ఎవరూ పట్టించుకోకపోతే జబ్బు దానంతట అది పోదని దీనివల్ల తెలుస్తున్నది. బ్రిటన్‌లో 1985 నుండి దీనిని వృత్తివ్యాధిగా గుర్తించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో కూడా ఇది ఉన్నది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద ప్రభుత్వానికి తెలియజేయవలసి ఉండిన 29 వ్యాధుల్లో మోతవల్ల వచ్చే చెవుడు ఉండేది గాని, అదురువల్ల వచ్చే చేతి జబ్బు ఉండేది కాదు.

ఇది ఎట్లా వస్తుంది? మిషను అదురు పిడి గుండా అరచేతికి, వేళ్ళకు, మణికట్టుకు, మోచేతికి పోతుంది. రోజుకు కొన్ని గంటలు, ఏండ్ల తరబడి ఇట్లా అదిరితే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది నరాలు: వేళ్ళు జివ్వుమంటాయి, తిమ్మిరెక్కుతాయి, తరువాత స్పర్శ తగ్గుతుంది. చొక్కా గుండీ పెట్టలేరు, కింద పడిన రూపాయి బిళ్ళ తియ్యలేరు. రెండవది సన్నని రక్తనాళాలు: చలి తగిలినప్పుడు అవి బిగుసుకొని వేళ్ళ కొసలు సున్నం పూసినట్టు తెల్లబడతాయి, మళ్ళీ రక్తం వచ్చేటప్పుడు ఎర్రబడి మండుతాయి. మూడవది కండలు, కీళ్ళు: పట్టు తగ్గుతుంది, మణికట్టు నొస్తుంది. 1986లో స్టాక్‌హోంలో నిపుణులు కూడి ఈ దశలకు ఒక కొలబద్ద తయారు చేశారు. నరాలకు వేరుగా, రక్తనాళాలకు వేరుగా లెక్క వేస్తారు. తొలి దశలో పని ఆపితే కొంత మేలు కలగవచ్చును. స్పర్శ బాగా పోయిన తరువాత అది తిరిగి రావడం కష్టం.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. వేళ్ళు తెల్లబడటం చలిదేశాల్లో బాగా కనిపిస్తుంది. మలేసియా, వియత్నాం వంటి వేడి దేశాల్లో పనివాళ్ళను పరీక్షించినప్పుడు తెల్లబడటం కన్నా తిమ్మిర్లు, స్పర్శ తగ్గడమే ముందుకు వచ్చాయి. అందువల్ల తెల్లబడలేదు గనుక జబ్బు లేదనుకోవద్దు. డిసెంబరు, జనవరిలో ఫజర్ నమాజుకు చన్నీళ్ళతో వజూ చేసేటప్పుడు, తెల్లవారుజామున బండి మీద పోయేటప్పుడు వేళ్ళు తెల్లబడుతున్నాయేమో ఎవరికి వారు చూసుకోవాలి.

ఇక కొలత సంగతి. మోతను డెసిబెల్స్‌లో కొలిచినట్టే అదురును కొలిచే పద్ధతి ఉన్నది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు సుమారు 183. పిడి అన్నిసార్లు ఇటూ అటూ కదులుతుంది. ఆ కదలికలో వేగం ఎంత త్వరగా మారుతున్నదో దానిని త్వరణం అంటాం, మా ఉర్దూ పుస్తకాల్లో ఇస్రా అంటారు. కొలిచే ప్రమాణం సెకనుకు సెకనుకు ఇన్ని మీటర్లు. చిన్న సెన్సారును పిడి మీద, చెయ్యి పట్టే చోటికి దగ్గరగా, కదలకుండా బిగిస్తారు. పైకి కిందికి, ముందుకు వెనకకు, పక్కలకు, మూడు దిక్కులూ కొలిచి ఒకటిగా కలుపుతారు. అన్ని అదురులూ చేతికి సమానంగా హాని చెయ్యవు గనుక ఒక్కొక్క రకానికి ఒక్కొక్క బరువు ఇచ్చి లెక్కిస్తారు. ఈ విధానం 2001 నాటి ఐఎస్ఓ 5349 ప్రమాణంలో ఉన్నది. సెల్‌ఫోన్ యాప్ పెట్టి చూసే కొలతను నమ్మరాదు.

మిషను బలం ఒక్కటి తెలిస్తే చాలదు. ఎంతసేపు చేతిలో నడిచిందో కూడా తెలియాలి. రెండూ కలిపి 8 గంటల రోజుకు సరిపోల్చుతారు. 2002లో ఐరోపా సమాజం పెట్టిన నిబంధన ప్రకారం ఆ లెక్క 2.5కు చేరితే యజమాని జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వరాదు. బ్రిటన్‌లో పనివాళ్ళకు తెలిసేట్టు దీనిని పాయింట్లుగా మార్చారు. మా పిల్లలకు బోర్డు మీద చేయించే లెక్కే ఇది: మిషను అంకెను దానితోనే గుణించి, గంటలతో గుణించి, రెండింతలు చెయ్యాలి. 100 పాయింట్లు వస్తే హెచ్చరిక, 400 వస్తే ఆఖరి హద్దు.

ఉదాహరణకు ఒక గ్రైండరు అదురు 6 అనుకుందాం. రెండు గంటలు నడిపితే 6 ఆర్లు 36, రెండు గంటలకు 72, రెండింతలు 144. హెచ్చరిక దాటినట్టే. ఒక బ్రేకరు అదురు 12 అనుకుందాం. అరగంట నడిపితేనే అదే 144 వస్తుంది. అంటే అదురు రెట్టింపైతే సమయం సగం చేస్తే సరిపోదు, నాలుగో వంతుకు తగ్గించాలి. ఆ బ్రేకరుతో సుమారు 21 నిమిషాలకు 100, గంటా 23 నిమిషాలకు 400 పూర్తవుతాయి. మన దగ్గర ఒక్క మనిషే పొద్దంతా బ్రేకరు పట్టే సైట్లు లేవా? అదే ఐఎస్ఓ ప్రమాణంలోని అంచనా ప్రకారం రోజూ 2.5 చొప్పున పనిచేస్తే సుమారు 12 ఏండ్లకు పదిమందిలో ఒకరికి వేళ్ళు తెల్లబడే స్థితి వస్తుంది. 5 చొప్పున అయితే దాదాపు 6 ఏండ్లకే. పదహారేండ్లకు పని పట్టిన పిల్లవానికి పెళ్ళి నాటికే చెయ్యి పాడవవచ్చునన్న మాట.

మరి ఏం చేయవలసియున్నది? కూలి మానమని మేము చెప్పము. ఇల్లు ఎట్లా గడుస్తుంది? కానీ చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదట, మిషను నడిచిన సమయం మాత్రమే గడియారం చూసి లెక్క రాసుకోండి. ఇద్దరు మారి మారి పట్టండి, మధ్య మధ్య ఆపండి. అరిగిన డిస్కు, మొద్దుబారిన ఉలి, వదులైన బేరింగు అదురును పెంచుతాయి. వాటిని మార్చడం ఖర్చనుకోవద్దు. కొత్త మిషను కొనేటప్పుడు పుస్తకంలో అదురు అంకె ఎంత ఉందో అడగండి. అయితే సైటు మీద అది ఎక్కువ ఉండవచ్చును. పిడిని అవసరానికి మించి బిగించి పట్టవద్దు, బరువును మిషను మీదే వదలండి. గ్లౌజులు చేతిని వెచ్చగా ఉంచుతాయి, గాయాలు కాకుండా కాపాడుతాయి. కానీ బ్రేకరు వంటి మిషన్ల అదురును అవి పెద్దగా ఆపలేవు. గ్లౌజు తొడిగాం గదా అని గంటలు పెంచవద్దు. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను బిగిస్తాయి. ఈ పని చేసేవారు వాటిని మానడం రెండింతల లాభం.

పని ఆపిన తరువాత కూడా వేళ్ళు జివ్వుమంటుంటే, రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుంటే డాక్టరు దగ్గరికి పోవాలి. పోయినప్పుడు ఏ మిషను, ఎన్నేండ్లు, రోజుకు ఎన్ని గంటలు అనేది మీరే ముందు చెప్పండి. షుగర్ వల్ల, మెడ ఎముకల వల్ల, మణికట్టు దగ్గర నరం ఒత్తుకోవడం వల్ల కూడా ఇవే లక్షణాలు వస్తాయి గనుక డాక్టరు వాటిని వేరుచేసి చూడాలి. చీటీలో మీ పని పేరు రాయించుకోండి. ఈఎస్ఐ ఉన్నవారు ఆ డిస్పెన్సరీకే పోయి రికార్డు పెంచుకోండి. కట్టడపు పని చేసేవారు 18 నుండి 60 ఏండ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చును.

ఇండ్లలో ఉన్న తల్లులకు, అక్కలకు ఒక మాట. మగవాళ్ళు చెప్పుకోరు. చాయ్ గ్లాసు చేతిలోంచి జారుతుందా, గుండీ పెట్టమని పిల్లవాణ్ణి పిలుస్తున్నారా, మీరే గమనించండి.

మేస్త్రీలకు, కాంట్రాక్టు పట్టే మన సోదరులకు ఒక విన్నపం. మీలో చాలామంది ఆ మిషను పట్టి పైకి వచ్చినవారే. మజ్దూరు చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మన దీన్ చెప్తుంది. చెయ్యి పాడు కాకుండా చూడటం కూడా ఆ హక్కులోనిదే అని మేము అనుకుంటున్నాము. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని 2016 సవరణ చట్టం కొద్ది మినహాయింపులతో నిషేధించింది. పద్ధెనిమిది నిండని షాగిర్దుకు బ్రేకరు ఇవ్వకండి.

చివరగా సంఘానికి మా సూచన. సంవత్సరానికి ఒకసారి, చలికాలంలో ఒక ఆదివారం, చేతుల పరీక్షా శిబిరం పెట్టాలి. ఎవరు ఏ మిషను, ఎన్నేండ్లు నడిపారో ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక పుస్తకంలో రాసి భద్రపరచాలి. నలుగురి చేతుల సంగతి కాగితం మీదికి వస్తేనే డాక్టరు దగ్గర, ఆఫీసుల దగ్గర అడిగే దారి దొరుకుతుంది. రాసే పనికి మా బడి ఉపాధ్యాయులం వస్తాము. ఆ మిషన్ల లెక్కలు మా తొమ్మిదో తరగతి పిల్లలు వేస్తారు.

 అల్లాహ్ మనందరి చేతులకు బలమూ, రోజీలో బర్కతూ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.