వాయిదాల సంసారము

(పట్టణ పఠనమందిరమున గత ఆదివారము సాయంకాలము చేసిన ఉపన్యాస పాఠము)



ఈ మందిరమునకు నిత్యము వచ్చువారు పత్రికలలో వార్తలకన్న ప్రకటనలే మిక్కుటముగా నుండుట గమనించియే యుందురు. దసరా దీపావళుల దినములలో మొదటి పుట తెరచినచో వార్త కానరాదు. ఫోనులు, బండ్లు, నగలు, గోడంత టీవీలు కానవచ్చును. క్రింద "వడ్డీ లేదు, సులభ వాయిదాలు" అని పెద్ద అక్షరములు. అంతకన్న క్రింద "షరతులు వర్తించును" అని చీమతలలవంటి అక్షరములు. నేను న్యాయవాదిని. ఇరువదేండ్లుగా నా జీవనము ఆ చీమతలల అక్షరములతోడనే సాగుచున్నది. వానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసికొందును.

ముందుగా నా తప్పు నేనొప్పుకొనవలయును. కొన్నేండ్ల క్రిందటి వరకు నేనొక ఋణసంస్థ పక్షమున వసూలు నోటీసులు పంపెడివాడను. నోటీసులన్నిటిలోను విషయమొక్కటియే, పేరును, మొత్తమును మాత్రమే మారుచుండెను. ఒకనాడు కోర్టు వసారాలో ఒక యువకుడు నన్ను వెదకికొని వచ్చి నోటీసు చూపి, "అయ్యా, ఈ సంతకం తమరిదేనాండీ?" అని అడిగెను. అతడు బట్టల దుకాణమున గుమాస్తా. నెలకు 14,000 రూపాయల జీతము. ఫోను, టీవీ, చెల్లెలి పెండ్లికి పెట్టిన ఫ్రిజ్, ఈ మూటి వాయిదాలు కలిసి నెలకు 7,500 రూపాయలు. ఇంటి అద్దె 4,500. మిగిలిన 2,000తో నలుగురు తినవలయును. "లెక్క చూసుకోకుండా కొన్నావా?" అని గద్దించితిని. "ఒక్కొక్కటి కొన్నప్పుడు సరిపోయిందండీ. మూడూ కలిసేసరికి సరిపోలేదు" అని అతడు నెమ్మదిగా బదులు చెప్పెను. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. వారి మూడవ వాయిదాలోనుండియే గదా నాకు ఫీజు వచ్చుచుండినది! ఆ పని నాడే మానుకొంటిని. అతని వ్యవహారము లోక్ అదాలతులో రాజీతో ముగిసినది. నాటినుండి వినియోగదారుల ఉద్యమమున సేవకుడనుగా తిరుగుచున్నాను.

కన్స్యూమరిజం అను నింగ్లీషు మాటకు రెండర్థములు కలవు. కొనువాని హక్కులకై జరుగు ఉద్యమము మొదటిది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తమ కాంగ్రెసునకు పంపిన సందేశమున, భద్రత, సమాచారము, స్వేచ్ఛగా నెన్నుకొనుట, మొర వినిపించుకొనుట అను నాలుగు హక్కులు కొనువానికి కలవని ప్రకటించెను. మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. ఎంత కొనిన నంత సుఖమనియు, కొనుటయే గౌరవమనియు నమ్మెడి వ్యామోహము రెండవది. మొదటిది కొనువానిని మేల్కొలుపును, రెండవది నిద్రపుచ్చును. మన పట్టణములలో రెండవది ఇంటింటికిని చేరినది. మొదటిది ఇంకను వీథి మొగదలనే నిలిచియున్నది.

కోరిక మానవునకు క్రొత్త కాదు. చేత సొమ్ము లేకున్నను దానిని తక్షణమే తీర్చుకొను సదుపాయము క్రొత్తది. 1856 ప్రాంతమున అమెరికాలో సింగరు కుట్టుమిషనుల కంపెనీవారు వాయిదాల అమ్మకమును ప్రచారమునకు దెచ్చిరి. కుట్టుమిషను పనిముట్టు, దానిపై కుట్టి సంపాదించిన సొమ్ముతో దాని వాయిదాను తీర్చుకొనవచ్చును. 1919లో జనరల్ మోటార్సు కంపెనీ తన కార్లు కొనువారికి అప్పిచ్చుటకే ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. పదేండ్లు తిరుగకమునుపే ఆ దేశమున కార్లలో నధికభాగము అప్పుపైననే అమ్ముడుపోవుచుండెను. 1929లో సంక్షోభము రాగానే, వాయిదా తప్పినచో వస్తువు పోవునను భయముతో కుటుంబములు తక్కిన కొనుగోళ్లను బిగబట్టెను. అంగళ్లలో సరకు పేరుకొనిపోయినది; సంక్షోభము మరింత ముదిరినది. అప్పుపై పెరిగిన వ్యాపారము అప్పుతోనే కుంగునని లోకమునకు నాడే తెలిసినది.

మన దేశమున 1991 తరువాత విదేశీ సరకునకును, క్రొత్త ప్రైవేటు బ్యాంకులకును ద్వారములు తెరువబడెను. అంతకు ముందే మన పొరుగున నొక చిన్న ఉపాయము పుట్టినది. 1983లో కడలూరున మొదలైన చిక్ షాంపూ వ్యాపారము, సీసా కొనలేని పేదకు చిన్న పొట్లమున సరకునిచ్చి దేశమంతట వ్యాపించెను. దానిని నేను నిందింపను. పేదవానికిని తలంటుకొను వేడుక కలదు. కాని వాయిదాల వ్యాపారులు ఆ పాఠమునే మరియొక తీరున నేర్చుకొనిరి. అచ్చట సరకును చిన్న పొట్లము కట్టిరి; ఇచ్చట వెలను చిన్న పొట్లము కట్టిరి. పొట్లముతో వచ్చునది పొట్లమంత సరకే. వాయిదాతోనో, పూర్తి వస్తువును, పూర్తి ఋణమును ఒక్కసారిగా ఇల్లు చేరును. 2016లో యూపీఐ వచ్చిన పిదప సొమ్ము చేతినుండి వెడలుట కంటికి కానరాకుండబోయెను. పర్సు విప్పి నోటు లెక్కించునప్పుడు కలుగు ఆ చిన్న సంకోచమే సంసారమునకు కాపలాదారు. ఆ కాపలాదారును మనము పనినుండి తొలగించితిమి.

"వడ్డీ లేదు" అను మాటను కొంచెము లెక్కించి చూతము. ఒక ఫోను వెల 24,000 రూపాయలనుకొందము. నెలకు 2,000 చొప్పున 12 వాయిదాలు, వడ్డీ సున్న. కాని నగదిచ్చువానికి 1,500 రూపాయల తగ్గింపు కలదు, వాయిదాలవానికి లేదు. పైగా వాయిదాలవాడు ప్రాసెసింగు రుసుమని 900 రూపాయలు ముందే చెల్లించును. అనగా 22,500కు దొరకు వస్తువునకు అతడిచ్చునది 24,900. ముందిచ్చిన 900 పోగా అతనికి నిజముగా దొరికిన అప్పు 21,600 మాత్రమే, తీర్చునది 24,000. అసలు నెలనెలకును తరుగుచుండును గనుక, ఇది నూటికి నెలకు రూపాయిన్నరకు మించిన వడ్డీ. సాలుకు నూటికి 20 రూపాయల ప్రాంతము. పల్లెటూరి షావుకారు ఈ వడ్డీ నడిగినచో రచ్చబండ చెంత నిలదీయుదుము. అద్దాల అంగడిలో నవ్వుచు నడిగినచో వడ్డీ లేదని సంతసింతుము! 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే సున్న వడ్డీ యనునది లేదనియు, వడ్డీని రుసుముల రూపమున మరుగుపరచుచున్నారనియు బ్యాంకులను హెచ్చరించినది. మాట మార్చి వ్యాపారము మాత్రము సాగుచునేయున్నది.

దీనివలన సంసారమున కలిగిన మార్పు చిన్నది కాదు. మన పెద్దలు జీతము రాగానే కొంత దాచి, మిగిలినది ఖర్చుపెట్టెడివారు. నేడు జీతము రాకమునుపే ఖర్చయి, వచ్చినది వాయిదాలకు పోవుచున్నది. దేశమంతటి లెక్కయు నిదే చెప్పుచున్నది. కుటుంబముల నికర ఆర్థిక పొదుపు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో నూటికి 11 వంతులకు పైబడియుండెను; 2022-23 నాటికి నూటికి 5 వంతుల ప్రాంతమునకు దిగెను. మొదటి సంవత్సరము వ్యాధికాలము. ఇంటినుండి కదలలేక మిగిల్చిన సొమ్మును అందు కలదు. అయినను పతనము పతనమే. తాకట్టులేని వినియోగ ఋణముల వేగమునకు వెరచి, 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు అట్టి అప్పులకై బ్యాంకులు లెక్కించు ప్రమాదభారమును 100 నుండి 125 శాతమునకు పెంచినది. ఇచ్చువారి పెద్దయే భయపడినప్పుడు పుచ్చుకొనువారు భయపడకుండుట ఎట్లు?

వ్యాపారమునకైన మేలు కలిగినదా యందురేని, దుకాణముల సోదరులు మనసున చేయి వేసికొని చెప్పవలయును. నెల మొదటి వారముననే వాయిదాలు జీతమును మ్రింగగా, కిరాణా కొట్టువాని పద్దు పెరుగును; పాలవాని బాకీ నిలుచును; పిల్లల బడి రుసుము వెనుకబడును. పెద్ద అంగడిలో అమ్ముడైన టీవీ వెలలో నొక భాగము, ఈ విధముగా వీథి మూల కొట్టునుండి వచ్చినదే. మరియు కిరాణా కొట్టువాని అరువునకును ఈ అప్పునకును ఎంత భేదము! కొట్టువాడు మన మొగమెరుగును, మన జీతమెరుగును. "ఈ నెల చాలు బాబూ" అని చెప్పగలడు. ఆ మాటలో వాని లాభమును కలదు, మన మేలును కలదు. ఫోనులోని ఋణదాత ఎన్నడును చాలుననడు. వాయిదా సరిగా చెల్లించువానికి మరునాడే మరియొక అప్పు సిద్ధమని సందేశము పంపును.

మరియొక నష్టము కలదు. మరమ్మతు చేయించుకొనుటకన్న క్రొత్తది వాయిదాపై కొనుటయే సులభమైనప్పుడు, మరమ్మతుచేయువాని చేతిపని మూలబడును. మన వీథులలో రేడియో, టీవీ బాగుచేయు నేర్పరులు ఎందరుండిరో, నేడెందరున్నారో మీరే లెక్కింపుడు. మరమ్మతు హక్కు నిమిత్తము కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో ఒక పోర్టలును తెరచిరి. మంచి ప్రయత్నమే, కాని బాగుచేయించుకొను బుద్ధి మనకు లేనిచో పోర్టలేమి చేయగలదు?

ఈ దారి ఎచ్చటికి పోవునో తెలుగు దేశమునకు వేరే చెప్పనక్కరలేదు. 2010లో సూక్ష్మఋణ సంస్థలు ఒకరితో నొకరు పోటీపడి గ్రామ స్త్రీలకు అప్పుపై అప్పు నంటగట్టినవి. వసూళ్ల ఒత్తిడి భరింపలేక ప్రాణములు పోయినవి. ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. 2011లో అది చట్టమయ్యెను. పదేండ్లకే, 2020 చివర, ఫోను యాప్‌ల అప్పులు హైదరాబాదునను, ఇతర తావులను ప్రాణములు తీసినవి. అప్పుగొన్నవాని ఫోనులోని పేర్లన్నియు గ్రహించి, బంధుమిత్రులకు అవమానకరమైన సందేశములు పంపుట ఆ వసూలు విధానము. పూర్వము అప్పులవాడు ఇంటి గడపకడ నిలిచెడివాడు. ఇప్పుడు మన బంధువులందరి గడపలకడను ఒకేసారి నిలుచును.

అయినచో అప్పే కూడదందువా యని మీరడుగవచ్చును. అట్లనను. ఆటో కొని నడుపుకొనువానికి, కుట్టుమిషను కొనిన చెల్లెలికి వాయిదా వరము. ఇంటి చాకిరిని తగ్గించు మిక్సీని విలాసమనుట మగవారికి సులభము. రోలు మ్రోల కూర్చుండువారు మనము కాము గదా! నేను చెప్పు భేదమిది: కొన్న వస్తువు తన వాయిదాను తానే తీర్చగలిగినను, ఇంటివారి శ్రమను నిజముగా తగ్గించినను ఆ అప్పునకు కారణము కలదు. ఎదురింటివారు కొనిరను ఒక్క హేతువుతో చేసిన అప్పునకు వాయిదాలు తీరిన పిదపయు తృప్తి రాదు. ఎదురింటివారు అప్పటికి మరియొకటి కొనియుందురు.

ఇక చట్టమున మీకుగల బలమును, అపాయమును చెప్పుదును. ముందు అపాయము. చెక్కు చెల్లకపోయినచో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు జైలుగాని, చెక్కు మొత్తమునకు రెండింతల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. నేడు చెక్కులే ఇచ్చుట లేదు గదా యందురు. ఖాతానుండి నెలనెలా సొమ్ము తీసికొనుటకు మీరిచ్చిన అనుమతి ఖాతాలో సొమ్ము లేక విఫలమైనను, 2007 నాటి చెల్లింపుల చట్టము 25వ సెక్షను క్రింద శిక్ష అట్టిదే. ఫోనుపై వ్రేలు మోపునప్పుడు ఈ సంగతి ఎందరెరుగుదురు?

ఇక బలము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వాయిదాలపై కొన్నవానిని కూడ వినియోగదారునిగానే గుర్తించినది. మీరు నివసించు జిల్లాలోనే, రెండేండ్ల లోపల, ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న సరకు విషయమున రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలసిన నిర్బంధమును లేదు. వకీలునై నేనే చెప్పుచున్నాను. సలహాకు 1915 అను ఫోను నంబరు కలదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఫోను అప్పులకు నియమములు విధించినది. అప్పిచ్చుటకు ముందే రుసుములన్నియు కలిపి సాలుకు వడ్డీ ఎంతయో ఒక్క పత్రమున చూపవలయును. మీ ఫోనులోని పేర్లను, చిత్రములను తాకరాదు. మనసు మారినచో కొద్ది గడువులోపల, అసలును, ఆ దినములకు తగిన వడ్డీఖర్చును చెల్లించి వైదొలగవచ్చును. "ఇంక రెండే మిగిలినవి" అని తొందరపెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట మొదలైన 13 రకముల ఆన్‌లైను పన్నుగడలను 2023 నవంబరు 30న నిషేధించిరి.

చట్టము దీపము వంటిది, నడువవలసినవారము మనమే. గాంధీమహాత్ముని అనుచరుడైన కుమారప్ప పండితుడు, వస్తువును కొనువాడు అది పుట్టిన తీరునకు బాధ్యుడని బోధించెను. నేనొక్క మాట చేర్చుదును: కొనువాడు తాను వెల చెల్లించు తీరునకును బాధ్యుడే.

కావున మీకు మూడు మనవులు. ఇంటిలో నొక పద్దు పుస్తకముంచుడు; అందు మొదటి పుటలో వాయిదాలన్నిటిని ఒక్కచోట కూడి వ్రాయుడు, ఇంటిల్లిపాదికిని చూపుడు. ఒక్కొక్కటిగా చూచినవాడే మోసపోవును. కూడి చూచినవాడు నిలుచును. రెండవది, పనిముట్టు కాని వస్తువును అప్పుపై కొనదలచినప్పుడు ఒక నెల ఆగుడు. ఆ నెల వాయిదాను డబ్బాలో వేసి చూడుడు. వేయలేకపోయినచో, అంగడివానికిని ఇయ్యలేరు. మూడవది, నెలకొక సాయంకాలము ఈ మందిరముననే అప్పుపత్రములను బిగ్గరగా చదువుకొందము. ఎవరి పత్రమైనను తెండు. చీమతలల అక్షరములను నేను చదివి వినిపింతును. ఫీజు లేదు.

ఇచ్చటికి వచ్చుటకు మునుపు ఆ బట్టల దుకాణము ముందుగా నడచి వచ్చితిని. ఆ యువకుడు అచ్చటనే యున్నాడు. చేతనున్న పాత ఫోనునకు రబ్బరు పట్టీ చుట్టియున్నది. "ఇదింకా పని చేస్తోందండీ" అని నవ్వెను. అతడు ఎవ్వరికిని బాకీ లేడు. ఆ నవ్వునకు వాయిదా లేదు.