విరమణ వేళ – ఒక జపాను క్రీడాకారుని కథ

ఆట ఎలా ప్రారంభించాలో నేర్పే గురువులు చాలామంది ఉన్నారు. ఎప్పుడు విరమించాలో నేర్పేవారు అరుదు. ఆ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానం చెప్పిన జపాను ఫుట్‌బాల్ క్రీడాకారుడు హిదెతోషి నకాతాను గూర్చి ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

ఫుట్‌బాల్ మైదానంలో జపాను మనకు బొత్తిగా కొత్త దేశం కాదు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో, మన హైదరాబాదు రహీంగారి శిక్షణలో స్వర్ణపతకం గెలిచిన భారత జట్టు, ఆ పోటీలలోనే జపానును 2–0తో ఓడించింది. అలా మనచేత ఓడిన ఆ దేశం 1993లో వృత్తి క్రీడాకారుల లీగు పోటీలను ప్రారంభించుకున్నది. అయినా ప్రపంచకప్ ప్రధాన పోటీలలో అడుగుపెట్టే భాగ్యం మరికొన్నేళ్లకు గాని దానికి దక్కలేదు.

నకాతా 1977 జనవరి 22న యమనాషి ప్రాంతంలోని కోఫు నగరంలో జన్మించాడు. 1995లో, 18 ఏళ్ల ప్రాయంలో, బెల్మారె హిరత్సుక జట్టులో చేరాడు. మైదానం మధ్యభాగం అతని స్థానం. వెనుకనుంచి వచ్చిన బంతిని అందుకొని ముందున్నవారికి అందించడం అతని విధి. ఈ స్థానంలో ఆడేవాడికి కాలికంటె ముందుగా కన్ను పనిచెయ్యాలి. నకాతా బంతిని సహచరుడు నిలుచున్న చోటికి కాక, అతడు చేరవలసిన చోటికి పంపేవాడు. ఆ బంతి విసురుగా వచ్చేది. అందుకోదలచినవాడు పరుగెత్తక తప్పేది కాదు.

1997 నవంబరు 16న మలేషియాలోని జొహోర్ బహ్రులో జపాను, ఇరాన్ తలపడ్డాయి. గెలిచిన జట్టు నేరుగా ప్రపంచకప్‌కు వెళ్తుంది. అదనపు సమయం ముగియవచ్చే వేళకు 2–2తో ఇరుపక్షాలూ సమానంగా ఉన్నాయి. అప్పుడు నకాతా కొట్టిన బంతిని ఇరాన్ గోల్‌కీపర్ అడ్డుకున్నాడు గాని పట్టలేకపోయాడు. చెంతకు దూసుకువచ్చిన ఒకానో దానిని గోలులోకి నెట్టాడు. అంతకుముందు వచ్చిన రెండు గోళ్లకూ బంతి అందించినవాడు నకాతాయే. ఆ విధంగా జపాను తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత పొందింది.

1998లో ఫ్రాన్సులో జపాను ఆడిన మూడు ఆటలూ ఓడింది. నకాతా మాత్రం అక్కడినుంచి ఇటలీ చేరాడు. పెరూజా జట్టు తరఫున మొదటి లీగు ఆటలోనే మహాబలశాలి యువెంటస్‌పై రెండు గోళ్లు చేశాడు. ఆట 3–4తో ఓడినా, ఈ ఆసియావాసి ఎవరని ఇటలీ అంతా తిరిగి చూసింది. 2000లో అతడు రోమా జట్టుకు మారాడు. 2001 మే 6న అదే యువెంటస్‌పై రోమా 0–2తో వెనుకబడి ఉండగా, ప్రజల ఆరాధ్యుడైన టొట్టి స్థానంలో నకాతాను దింపారు. అతడు చాలా దూరంనుంచి కొట్టి ఒక గోలు సాధించాడు. చివరి క్షణాలలో అతడు కొట్టిన మరో బంతిని గోల్‌కీపర్ వదలగా మోంటెల్లా సమం చేశాడు. ఆ ఏడు ఇటలీ లీగు విజేత రోమా. మరుసటి ఏడు పార్మా తరఫున ఇటలీ కప్ కూడా అతనికి దక్కింది.

2006 జూన్ 22న జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో, ప్రపంచకప్‌లో, జపాను 1–4తో బ్రెజిల్ చేతిలో ఓడింది. అందరూ వెళ్లిపోయినా నకాతా మైదానం మధ్యలో వెల్లకిలా పడుకొని చాలాసేపు లేవలేదు. కారణం జూలై 3న తెలిసింది. ఆట విరమిస్తున్నాననీ, ఆ నిర్ణయం ఆరు మాసాల క్రితమే తీసుకున్నాననీ అతడు ప్రకటించాడు. అప్పటికి అతనికి 29 ఏళ్లు. దేశం తరఫున 77 ఆటలు ఆడి, 11 గోళ్లు చేశాడు.

శక్తి ఉండగా తప్పుకోవడం న్యాయమా అని అడిగినవారు ఉన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేము. అతనికంటె పదేళ్లు పెద్దవాడైన కజుయోషి మియురా ఏభై ఏళ్లు దాటినా ఆట మానలేదు. ఈ ఇద్దరిలో ఎవరు ఒప్పు? నాకు తోచినంతలో ఇద్దరూ ఒప్పే. ఆటలో ఆనందం మిగిలినంతకాలం ఆడటం మియురా ధర్మం. ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారమై ఆ ఆనందం సన్నగిల్లిందని గ్రహించాక, కీర్తికోసం కొనసాగకపోవడం నకాతా ధర్మం.

తరువాత అతడు దేశాలు తిరిగాడు. 2009 నుంచి జపానులోని 47 ప్రాంతాలలోనూ పర్యటించి రైతులనూ, చేతిపనివారినీ, బియ్యంతో సాకె అనే మద్యం తయారుచేసేవారినీ కలుసుకున్నాడు. 2015లో ఆ సాకెను ప్రపంచానికి పరిచయం చేసే సంస్థను నెలకొల్పాడు. యౌవనంలో పరదేశానికి తరలిపోయినవాడు, నడివయసులో స్వదేశాన్ని ఊరూరా తిరిగి తెలుసుకున్నాడు.

మన ఉద్యోగాలలో, పదవులలో, ఇళ్లలో కూడా చోటు విడవవలసిన వేళ ఒకటి వస్తుంది. ఎవరో వచ్చి గుర్తుచేసేదాకా ఆగకుండా దానిని మనమే గుర్తించగలిగితే, తరువాతి జీవితానికి కొంత బలం మిగులుతుంది.