ఒక్క టైరు మారిస్తే చాలదా?



వృత్తం చుట్టుకొలత రెండు 'పై' ఆర్ అని మీరు చిన్న తరగతుల నుంచీ చదువుతున్నారు. ఆ సూత్రం ఒక వానాకాలంలో నోయిడాలోని మా కాలనీకి ఎలా పనికొచ్చిందో ఇవాళ చెబుతాను.

మా పక్కింటాయన ఉద్యోగరీత్యా వారానికోసారి ఆగ్రా వెళ్లివస్తారు. ఆయన కారులో ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. దీన్ని ఆల్ వీల్ డ్రైవ్ అంటారు. ఒకరోజు నీళ్లు నిలిచిన రోడ్డు మీద గుంత కనబడక చక్రం అందులో పడింది. వెనక ఎడమ టైరు పక్కగోడ చీలిపోయింది. నేలను తాకే భాగంలో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవచ్చు. పక్కగోడ అలా కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగి లేస్తుంది, అక్కడ అతుకు నిలవదు. టైరు మార్చాల్సిందే. దుకాణదారు మాత్రం నాలుగూ మార్చమన్నాడు.

"మాస్టారూ, చెడింది ఒకటైతే నాలుగు అంటగడుతున్నాడు. ఇది మోసం కాదూ?" అని ఆయన నన్నడిగారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ కొలవకుండా తీర్పు చెప్పకూడదు గదా!

కొలిచాం. మిగిలిన మూడు టైర్లలో గాడి లోతు దాదాపు 4 మిల్లీమీటర్లు. కొత్త టైరులో అది సుమారు 8. మన మోటారు వాహనాల నియమావళి ప్రకారం కార్లకు ఉండవలసిన కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. అంటే పాత టైర్లు చట్టప్రకారం ఇంకా పనికొస్తాయి.

ఇక లెక్క చూడండి. ఆ టైరు మీద 215/60 ఆర్ 17 అని ఉంది. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. ఈ మూడింటితో వ్యాసార్థం కడితే సుమారు 345 మిల్లీమీటర్లు వస్తుంది. చుట్టుకొలత 2.167 మీటర్లు. కొత్త టైరు కిలోమీటరుకు 461 చుట్లకు కాస్త పైగా తిరుగుతుంది. అరిగిన టైరు వ్యాసార్థం 4 మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి అది 467 చుట్లు తిరగాలి. కారు బరువుకు టైరు కొంచెం నొక్కుకుంటుంది గనుక అసలు అంకెలు కాస్త మారతాయి. తేడా మాత్రం కిలోమీటరుకు అయిదు చుట్లకు పైనే ఉంటుంది.

ఇంట్లో ఒక స్టీలు గ్లాసును నేల మీద అడ్డంగా దొర్లించండి. మూతి పెద్దది, అడుగు చిన్నది. రెండూ ఒకే ముక్క కాబట్టి కలిసే తిరగాలి. అందుకే గ్లాసు తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. కారు ఇలా పక్కకు పోకుండా ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంటుంది. ఒక చక్రం వేగంగా, మరొకటి నెమ్మదిగా తిరిగినా అది సర్దుకుంటుంది. ఇరుసును తిప్పే దండానికి అందేది రెండు చక్రాల వేగాల సగటే.

మామూలు కారులో కథ ఇక్కడితో అయిపోయేది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య కూడా ఒక బంధం ఉంటుంది. కొన్నింటిలో మరో డిఫరెన్షియల్, కొన్నింటిలో చిక్కని సిలికోన్ ద్రవంలో తిరిగే పలకలు, చాలా కొత్త కార్లలో కంప్యూటరు బిగించే క్లచ్ పలకలు. మలుపుల్లో ముందు, వెనక చక్రాల వేగాలు వేరవుతాయి, అప్పుడు ఈ పలకలు కాస్త జారతాయి. తిన్నని రోడ్డు మీద వాటికి విశ్రాంతి. వెనక ఒక్క కొత్త టైరు వేస్తే ఆ విశ్రాంతి పోతుంది. సగటు లెక్కన కిలోమీటరుకు 2.7 చుట్ల తేడా. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రాకు 2012లో ప్రారంభమైన యమునా ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 165 కిలోమీటర్లు. ఒక్క ప్రయాణంలోనే నాలుగు వందలకు పైగా చుట్ల తేడా! ఆ జారుడంతా ఘర్షణ, ఘర్షణంతా వేడి. కొన్ని కార్లలో కంప్యూటరు ఈ తేడాను చూసి చక్రం జారుతోందని పొరబడి క్లచ్‌ను ఇంకా బిగిస్తుంది.

"పోనీ, వెనక రెండూ కొత్తవి వేద్దాం" అన్నారాయన. రెండు చక్రాల డ్రైవ్‌కు అది మంచి సలహాయే. ఇక్కడ మాత్రం ఎడమకూ కుడికీ సరిపోయి, ముందుకూ వెనక్కూ మధ్య తేడా రెట్టింపవుతుంది. మీరే లెక్క కట్టి చూడండి. జపాన్‌కు చెందిన సుబారు కంపెనీ తన కార్ల టైర్ల చుట్టుకొలతల్లో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదంటుంది. వ్యాసార్థంలో అది ఒక్క మిల్లీమీటరు. మన తేడా నాలుగు! కంపెనీని బట్టి ఈ హద్దు మారుతుంది కనుక కారుతో ఇచ్చిన పుస్తకం చూడాలి.

నాలుగు చక్రాలు తిరిగే బండ్లన్నిటికీ ఈ చిక్కు ఇలాగే ఉంటుందనుకోకండి. 1985లో గుర్గావ్ నుంచి వచ్చిన మారుతి జిప్సీలో ముందు చక్రాలకు శక్తిని అవసరమైనప్పుడే లివరుతో కలుపుతారు. కలిపాక మధ్యలో జారేది ఏదీ లేదు. ఇసుకలో, బురదలో టైరే జారి తేడాను తీర్చేస్తుంది. గట్టి తారురోడ్డు మీద అలా నడపవద్దనేది అందుకే.

దుకాణదారు చెప్పింది మోసం కాదని తేలింది. అయితే పక్కింటాయన జేబు సంగతి? డిక్కీలో ఉన్న స్టెపినీ తీసి చూశాం. అదే కంపెనీ, అదే రకం, అదే కొలత. ఒక్కసారీ వాడలేదు, గాడి లోతు 8 మిల్లీమీటర్లు. పక్కగోడ మీద 1023 అని అంకె, అంటే 2023లో పదో వారం తయారీ. రబ్బరుకు అదేమంత వయసు కాదు. చాలా కార్లలో స్టెపినీ సన్నగా, చిన్నగా ఉంటుంది. దానితో ఈ ఉపాయం కుదరదు.

ఆయన మూడే కొన్నారు. స్టెపినీ టైరును విప్పించి నాలుగో చక్రానికి ఎక్కించారు. పాతవాటిలో బాగున్నదాన్ని కొద్ది దూరానికి మాత్రమే వాడే షరతుతో డిక్కీలో పెట్టారు. గాలి నాలుగింటికీ సమంగా పట్టించాక, చక్రానికి సుద్దముక్కతో గీత గీసి, కారును పది చుట్లు నెట్టి టేపుతో కొలిచాం. కాలనీ పిల్లలంతా నెట్టడానికి పోటీపడ్డారు.